పొలంలో చావు గంట

మీరే చంపారు.

పట్టపగలు, పొక్లెయిన్ పెట్టి, చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియోలు తీసుకుంటూ చంపారు. ఇప్పుడు "మాకేం తెలుసు" అంటే కుదరదు. అమలమ్మ చెప్పింది. మీ మొహాల మీదే చెప్పింది.

నల్లగా, గాదె అంత ఉండేది. పామర్రు అవతల, మన సమాధుల దొడ్డి గోడ వెనక, వరి చేలో. తలుపు లేదు. కన్ను లేదు. ఆకాశంలోంచి దిగిన రోజు ఒక్క దుబ్బు కూడా కమలలేదు. అంత జాగ్రత్తగా దిగింది.

పెద్ద పెద్ద సైంటిస్టులు వచ్చారు. లైట్లు వేసి చూశారు. అంకెలు వినిపించారు. వీణ వినిపించారు. ప్రపంచంలో ఉన్న భాషలన్నిట్లో నమస్కారం చెప్పారు.

అది పలకలేదు.

చేలో కెమెరాలు పాతి, పామర్రులో గదులు తీసుకుని, తెరల ముందు కూర్చున్నారు. దాని దగ్గర మనిషన్నవాడు లేడు.

అప్పుడే శౌరయ్య పోయాడు. అమలమ్మ మొగుడు.

చర్చి ఉపదేశి మరియదాసు గంట తాడు పట్టుకున్నాడు. చావు గంట ఎలా కొడతారో మీకు కొత్తా? ఒక దెబ్బ. ఆ మోత గాల్లో పూర్తిగా కలిసిపోయేదాకా ఆగడం. మళ్లీ ఒక దెబ్బ.

కలుపు వదిలేసి వచ్చారు. పొయ్యి మీద గిన్నె దించేసి వచ్చారు. శౌరయ్యతో మాటల్లేనివాళ్లు కూడా వచ్చారు. సమాధుల దొడ్డి నిండిపోయింది.

గోడ అవతల అది ఉంది.

మట్టి వేశాక ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత అమలమ్మ గుమ్మం ఎవరూ ఎక్కలేదు. ఎవరి పనులు వాళ్లవి.

ఒక సాయంత్రం గంట మోగింది.

ఒక దెబ్బ. ఆగి, మళ్లీ ఒక దెబ్బ.

చర్చికి పరిగెత్తారు. తాడు కదలడం లేదు. దాని పక్కనే మరియదాసు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

మోగుతున్నది పొలంలో.

"ఎవరికి కొడుతోందిరా అది?" అన్నాడు ప్రెసిడెంటు వెంకటప్పయ్య.

ఊళ్లో ఎవరూ చావలేదు. ఈసారి ఎవరి వంతోనని భయపడ్డారు. తలుపులు వేసుకున్నారు. తెరల ముందు కూర్చున్నవాళ్లు ప్రతిధ్వని అని రాసుకున్నారు.

అమలమ్మ ఒక్కతే వెళ్లింది. గట్టు మీద కూర్చుంది.

మోత ఆగిపోయింది.

లేచి ఇంటికొచ్చింది. మళ్లీ మొదలైంది.

ఇక రోజూ అంతే. చింతచిగురు ఏరుకుంటూ అక్కడే కూర్చునేది. శౌరయ్య చేపల పులుసులో ఉప్పు చాల్లేదని అలిగిన సంగతులు చెప్పుకునేది. ఆమె ఉన్నంతసేపూ అది నోరెత్తేది కాదు.

"ఏమ్మా అమలమ్మా, కొత్త సంబంధం కుదిరిందంటగా!" అన్నాడు వెంకటప్పయ్య, పదిమందిలో.

అందరూ నవ్వారు.

"నవ్వండయ్యా. అది చావు చెప్పట్లేదండీ. మా ఆయనకి గంట కొడితే ఊరంతా వచ్చిందా? అది చూసింది. ఇలా కొడితే మనుషులు వస్తారనుకుంటోంది, పిచ్చిది. ఒక్కసారి అందరూ రండి. ఏం చెయ్యక్కర్లేదు. కూర్చుంటే చాలు."

"కూర్చుంటే మనకే కొట్టాలి గంట," అన్నాడు మరియదాసు.

మళ్లీ నవ్వారు.

తర్వాత సంపూర్ణమ్మ పోయింది. ఏళ్లుగా మంచాన పడి ఉన్న ముసలమ్మ. ఆవిడకి అన్నం పెట్టనివాళ్లు కూడా గుండెలు బాదుకుని, అదే పిలుచుకుపోయిందన్నారు. అర్జీ పెట్టారు. రోడ్డు మీద కూర్చున్నారు.

అంత చదివినవాళ్లను పలకరించని వస్తువు ఉంటే ఎంత, పోతే ఎంత? పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆటోనగర్ నుంచి పొక్లెయిన్ వచ్చింది.

ఆ పొద్దున అమలమ్మను గోడ దగ్గరే ఆపేశారు. రెక్కలు పట్టుకుని.

అది మోగుతూనే ఉంది. ఒక దెబ్బ. ఆగి, మళ్లీ ఒక దెబ్బ.

అప్పుడు మీరు వచ్చారు.

కలుపు వదిలేసి వచ్చారు. పొయ్యి మీద గిన్నె దించేసి వచ్చారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చారు. చేను చుట్టూ గట్లన్నీ నిండిపోయాయి.

మోత ఆగిపోయింది.

"చూశారా, భయపడి చచ్చింది," అన్నాడు వెంకటప్పయ్య.

"కొట్టకండయ్యా!" గోడ దగ్గర్నుంచి అమలమ్మ కేక. "అందరూ వచ్చారుగా... అందరూ వచ్చారుగా!"

పొక్లెయిన్ చెయ్యి పైకి లేచింది.

అది మోగలేదు. మొదటి దెబ్బకి మోగలేదు. పగిలేటప్పుడు కూడా మోగలేదు.

లోపల యంత్రాల్లేవు. ఏదో తడి. చేలోకి కారి, వరి మొదళ్లలో ఇంకిపోయింది.

సాయంత్రం అమలమ్మ చర్చికి వచ్చింది.

"ఉపదేశి గారూ, గంట కొట్టండి."

"ఎవరికమ్మా?"

"దానికండీ."

"జ్ఞానస్నానం లేదు, పేరు లేదు. దానికి గంటేంటమ్మా? ఇంటికెళ్లు."

ఆమె ఇంటికెళ్లలేదు. గట్టు మీద కూర్చుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. చింతచిగురు కూడా తెచ్చుకోలేదు.

అక్కడ ఏమీ మోగడం లేదు.

మీ సంతాప సభ ఎవరికీ అక్కర్లేదు. కమిటీ అక్కర్లేదు. ఆ ముక్కలు మ్యూజియంలో పెడతామని టీవీలో చెప్పుకోకండి.

మరియదాసూ, లే. వెళ్లి తాడు పట్టుకో. ఒక దెబ్బ కొట్టు. మోత గాల్లో కలిసిపోయేదాకా ఆగు. మళ్లీ ఒక దెబ్బ కొట్టు.

మిగతావాళ్లు గిన్నెలు దించి రండి.