సూర్యం దిగకూడదు

"సూర్యం సముద్రంలోకి దిగడానికి ఈల్లేదు. అంతే" అంది జోగమ్మ, కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండానే.

రోహిణి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఉబ్బసం తనకి. పీల్చే మందు పంపు ఉండేది తన సంచిలో. తామిద్దరూ వెళ్ళబోయే విశాఖలో స్కూబా, అంటే సముద్రం అడుగున ఈత, చేయించేవాళ్ళు "డాక్టరు చీటీ తెస్తేనే నీళ్ళలోకి" అన్నది తన గురించి. తన భర్తకైతే వానలో తడిసినా తుమ్ము రాదు. అత్తగారు ఆపితే తనను ఆపాలి గాని, ఆయన్ని ఆపడమేమిటి?

"అరే అమ్మా, ఫికర్ మత్ కర్, బెంగెట్టుకోకు" అన్నాడు సూర్యం, డ్యూటీ బూట్లు బిగించుకుంటూ. "నాకేటి జబ్బు? ఈపుకి గాలి సిలిండరు కడతారు. పక్కనే నేర్పినోడుంటాడు. ఆపితే నీ కోడల్ని ఆపు."

"దాని సంగతి డాక్టరు సెప్తాడు. నీ సంగతి నాను సెప్తన్నాను."

"కారణమేటో సెప్పవేటి మరి?"

"సెప్పే ఏళొస్తే సెప్తాను. డ్యూటీకెల్లు."

సూర్యం నవ్వుకుంటూ మోటారుసైకిలు తీశాడు. రోహిణికి మాత్రం నవ్వు రాలేదు. కన్నకొడుకు కదా, ఆ ప్రాణం తీపి. కోడలు మునిగినా తేలినా ఒకటేనన్నమాట.

లోపలికి వెళ్ళి ఫ్యాను కింద నడుం వాల్చింది. ఈమధ్య కూర్చుంటే కునుకు, వాలితే కల. ఫ్యాను చప్పుడు మెల్లగా బుడగల చప్పుడైంది. తాముంటున్న భుయ్యాడీహ్ వీధులన్నీ నీలంగా మారి నీళ్ళ అడుగుకు జారిపోయాయి. ఆ నీళ్ళలో ఆమెకు ఆయాసం లేదు. ఛాతీలో పిల్లికూతలు లేవు. జుట్టు నాచులా ఊగుతోంది. ఎక్కడినుంచో ఒక చిన్న చేప ఈదుకుంటూ వచ్చి, ఇక ఎక్కడికీ వెళ్ళనన్నట్టు ఆమె అరచేతిలో పడుకుంది.

ఎండుచేపల పులుసు వాసనకు కల చెదిరింది. ఎంతో ఇష్టమైన కూర. ఎందుకో కడుపులో తిప్పింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని పెరట్లోకి నడిచి, నీళ్ళ బకెట్టు ఎత్తబోయింది.

"ఒగ్గు. నాను తెత్తాను" అంటూ జోగమ్మ బకెట్టు లాక్కుంది. లాక్కుని ఊరుకోకుండా, కోడలి గొంతు కేసి కన్నార్పకుండా చూసింది. వారం రోజులుగా ఇదే చూపు. పిల్లికూతలు వినబడుతున్నాయేమోనని కనిపెడుతోంది కాబోలు. ఆఖరికి తన చేతి నీళ్ళు కూడా పనికిరాకుండా పోయాయి.

డాక్టరు దగ్గరికి బయలుదేరే ముందు రోహిణి దేవుడి గూట్లో దీపం వెలిగించి దండం పెట్టుకుంది. "సింహాద్రప్పన్నా, ఊపిరి ఇంత సన్నంగా ఇచ్చి, నీళ్ళ మీద ఆశ అంత లావుగా ఎందుకిచ్చావు తండ్రీ?" అని అడిగింది. దీపం తలూపింది. అవుననో కాదనో తెలియలేదు.

సాక్చీ బజారులో డాక్టరు కృపారావు ఆమె చేత గొట్టంలో ఊదించాడు. మెట్లు ఎక్కించి దించి మళ్ళీ ఊదించాడు.

"పంపు ఎప్పుడు వాడారమ్మా?"

"చలికాలంలోనండి. తర్వాత అవసరం పడలేదు."

"మూర్ఛలు? చెవి ఆపరేషన్లు? గుండె జబ్బు? గర్భం? షుగరు?"

"ఏవీ లేవండి" అంది గబగబా, ఎక్కడ కాదంటాడోనన్న తొందరలో.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఉబ్బసం అంటే ఒకప్పుడు అసలు వద్దనేవాళ్ళం. నీళ్ళ అడుగున ఊపిరి గొట్టాలు బిగుసుకుంటే గాలి లోపలే చిక్కుకుంటుంది. పైకొచ్చేటప్పుడు ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తినే చీల్చగలదు. మీది అదుపులో ఉంది కాబట్టి రాస్తున్నాను. కానీ దిగే ముందు రోజుల్లో కాస్త ఆయాసం వచ్చినా ఒడ్డునే కూర్చోవాలి. మాట?"

"అప్పన్న మీద ఒట్టండి!"

చీటీ పట్టుకొని ఆటో ఎక్కిన రోహిణికి దారి పొడవునా బజారు దీపాలు నీళ్ళలో మెరిసే చేపల్లాగే కనిపించాయి. ఇంటి ముందు దిగేసరికి జోగమ్మ అరుగు మీదే కూర్చొని ఉంది.

"ఏటన్నాడు?"

"దిగొచ్చన్నారు."

జోగమ్మ చప్పున లేచింది. "దిగొచ్చన్నాడా! నిన్నా? నాడి పట్టుకు సూడనేదా?"

"గొట్టంలో ఊదమన్నారు."

"ఏటీ అడగనేదా మరి?"

"అన్నీ అడిగారు. ఏవీ లేవన్నాను."

"నేవన్నావా?" జోగమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

రోహిణికి ఇక దుఃఖం ఆగలేదు. "నాకు తెలుసత్తా. నేను బాగుపడడం నీకు సరిపడదు. జబ్బుదాన్ని, నేను దిగితే నీకు దిగుల్లేదు. ఏ జబ్బూ లేని నీ కొడుకు దిగితే మాత్రం నీ గుండె ఆగిపోద్ది. ఆయనకేమైందని దిగకూడదు? ఇప్పుడైనా సెప్పు!"

జోగమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత కోడలి గడ్డం పట్టుకొని, గొంతు గుంటలో టకటకా కొట్టుకుంటున్న నరం మీద మెత్తగా వేలు ఆనించింది.

"ఆడికేటవుద్దే, దున్నపోతు! ముందు నీ నోటితో నువ్వే సెప్తావని, నానంటే దిష్టి తగుల్తాదని వారం రోజులుగా నోరు కట్టుకు కూకున్నాను. ఈ నరం కొట్టుకోడమే నాకు సెప్పేసింది, నీకే తెలీదేటి నా తల్లీ? కడుపుతో ఉన్నదాని మొగుడు సముద్రంలో మునక్కూడదే!"