తొమ్మిది మంది తక్కువ

సంఘంలో ఇరవై మంది ఉండాలి. ఉన్నది పదకొండు మంది, అందరూ ఆడపిల్లలే. తనిఖీ ఆదివారం పొద్దున పది గంటలకు.

కాణిపాకానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఆ ఊరి యువజన సంఘానికి కృపారాణి కార్యదర్శి. అధ్యక్షురాలు పెళ్ళయి రేణిగుంట వెళ్ళిపోయింది కాబట్టి అధ్యక్షురాలు కూడా ఆమే. పదకొండు మందీ కానిస్టేబుల్ ఉద్యోగం కోసం హైస్కూలు గ్రౌండులో పరుగు సాధన చేస్తున్నారు. ఆ గేటు తాళం వాళ్ళ చేతికి రావడానికి కారణం చిత్తూరులోని జిల్లా యువజన సంఘాల సమాఖ్య ఇచ్చిన గుర్తింపు కాగితం. సమాఖ్య ఇన్నేళ్ళలో ఆ సంఘానికి చేసిన సాయమంతా ఆ కాగితమే, దాని మీద గుండ్రటి ముద్రే. గుండ్రటి ముద్రను చూసి తెరుచుకోని గేటు మన దేశంలో లేదు.

గుర్తింపు పోతే గ్రౌండు పోతుంది. మిగతా పిల్లలకు వచ్చే ఏడాది ఉంది. కృపారాణికి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరు అవకాశం. అందుకని పోలీసు ఉద్యోగం రాకముందే ఆమె చట్టాన్ని కొంచెం పక్కన పెట్టింది.

"తొమ్మిది మంది మగోళ్ళు కావాలన్నా. గంటసేపు కూసుంటే సాలు. ఇడ్లీ, వడ పెడతాము" అని ఆటో నడిపే మునికుమార్‌తో చెప్పింది.

"వడ ఒకటా, రెండా?"

"రెండు."

"అయితే పన్నెండు మందిని తెస్తా."

"తొమ్మిదే. ఎక్కువైనా అనుమానమొస్తాది."

ఆదివారం మునికుమార్ ఆటో నిండా మనుషుల్ని దించాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు ఐదుగురు, గుడి ముందర టెంకాయలు అమ్మేవాళ్ళు ఇద్దరు, యోగానంద అనేవాడొకడు. తొమ్మిదోవాడు మునికుమారే. యోగానందకు నలభై ఆరేళ్ళు. పొద్దున్నే జుట్టుకు రంగేసుకుని వచ్చాడు. ఆ రంగు చెవుల మీదికి కూడా దిగింది.

"వయసు అడిగితే ఇరవై ఎనిమిది అని సెప్పండి" అని కృపారాణి అందరికీ నేర్పింది.

సమాఖ్య కార్యదర్శి దేవనాథన్ స్కూటరు మీద వచ్చాడు. నుదుట నామం, చంకలో ఫైలు. ఇరవై రెండేళ్ళుగా ఆ పదవిలోనే ఉన్నాడు. యువజనుడిగా ఆయనకున్నంత అనుభవం జిల్లాలో ఇంకెవరికీ లేదు. ప్లేటు ముందు పెడితే చేత్తో పక్కకు జరిపాడు. తనిఖీకి వచ్చిన మనిషి వడ ముట్టలేదంటే పరిస్థితి బాగాలేదనే అర్థం.

"వయసెంత?" అని మొదటివాణ్ణి అడిగాడు.

"ఇరవై ఎనిమిది సార్."

రెండోవాడిదీ ఇరవై ఎనిమిదే. మూడోవాడిదీ అంతే. యోగానంద అడక్కముందే చెప్పేశాడు.

దేవనాథన్ కళ్ళద్దాలు తీశాడు. "అందరికీ ఇరవై ఎనిమిదేనా? వినేవాడికి అనుమానం రాదా? నువ్వు ముందు ఆ చెవులు తుడుచుకో."

ఆయన అంతటితో వదల్లేదు. ఒక్కొక్కణ్ణీ లేపి నిలబెట్టాడు. మైకు ముందు మాట్లాడగలవా అన్నాడు. తెల్లచొక్కా ఉందా అన్నాడు.

"గుడికాడ పొద్దస్తమానం అరిసేది నేనే సార్, నాకు మైకు అక్కర్లా" అన్నాడు టెంకాయలవాడు. ఆయన రాసుకున్నాడు.

"మీ ఊరేది?"

"ఈ ఊరే సార్" అన్నారు తొమ్మిది మందీ ఒక్క గొంతుతో.

దేవనాథన్ ముఖం మాడ్చుకున్నాడు. "అట్లా కాదు. సొంత ఊరు చెప్పండి."

దానికి జవాబు ఎవరూ నేర్పలేదు. పెనుమూరు అన్నాడొకడు. ఐరాల, పూతలపట్టు, బంగారుపాళెం... ఫ్యాక్టరీవాళ్ళు అమాయకంగా ఊర్లన్నీ కక్కేశారు. ఆయన ఒక్కటీ వదలకుండా రాసుకున్నాడు. ఆ తర్వాత ఆడపిల్లల వైపు తిరిగి, మీ అమ్మమ్మగారి ఊర్లేవి అని అడిగాడు. అవీ రాసుకున్నాడు. చివరికి ఇరవై మంది ఫోన్ నెంబర్లూ తీసుకున్నాడు.

"కేసు పెట్టేదానికా సార్?" అన్నాడు మునికుమార్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం వాడు.

దేవనాథన్ గుర్తింపు ఫారం మీద సంతకం పెట్టకుండానే మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. కలానికి మూత పెట్టి, స్కూటరు దగ్గరికి నడుస్తూ కృపారాణిని రమ్మని సైగ చేశాడు.

ఆమె అక్కడికి చేరేలోపే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక దాచి లాభం లేదనుకుంది.

"తప్పయిపోయింది సార్. ఆ తొమ్మిది మంది మావాళ్ళు కారు. మేము పదకొండు మందిమి మాత్రం నిజంగానే దినామూ పరిగెత్తతా ఉండాము. నాకు ఇదే ఆఖరు ఏడాది. కావాలంటే నా పేరు కొట్టేయండి. గ్రౌండు మాత్రం ఆ పిల్లోళ్ళకి ఉంచండి సార్."

దేవనాథన్ అటూ ఇటూ చూశాడు. వినే దూరంలో ఎవరూ లేరని తేలాక గొంతు బాగా తగ్గించాడు.

"ఎల్లుండి రాష్ట్రం వాళ్ళు నన్ను తనిఖీ చేసేదానికి వస్తా ఉండారు తల్లీ, జిల్లా మొత్తానికి నాకు మిగిలిండే సంఘం మీదొక్కటే, ఈ ఇరవై మందినీ ఇరవై ఊర్ల సంఘాల అధ్యక్షులని చెప్పి చిత్తూరుకు తీసుకొస్తావా?"