హద్దురాళ్లు

నా భార్య తిరుపాలమ్మను చంపింది మా తమ్ముడు కొండలు.

నా చేను పడమర, వాడిది తూర్పు; రెంటికీ అడ్డంగా నేల చీలిక ఉంది. దానికి ఉత్తరాన నేల తూర్పుకు, దక్షిణాన పడమరకు జరుగుతోంది. లక్షల ఏళ్లు ఈ చీలికలో విడివిడి పగుళ్లు ఉండేవి. ఈ మధ్య ఒక్కటవుతూ వచ్చాయి. అవి పూర్తిగా కలిసే ముందు నేల జోరుగా జరుగుతుందట. రాళ్లు ఏటా ఎంత జరిగాయో లెక్కగట్టి, జోరు పెరిగితే ముందే కూత పెట్టడానికి ప్రతి ఊళ్లోనూ హద్దురాళ్లలో యంత్రాలు బిగించారు.

ఉత్తరపు రాయి ఏటా బెత్తెడు కొండలు చేలోకి జరిగేది. వాడు దాన్ని పెరికి పాత చోటే పాతేవాడు.

"రాయిని ముట్టుకోబాకయ్యా. జరిగేది నేల" అనేది తిరుపాలమ్మ.

"నేలకు కాళ్లున్నాయా వదినా? మా అన్నకున్నాయి గానీ!" అని నవ్వేవాడు.

మొన్న కార్తీకంలో పగుళ్లు కలిసి నేల అదిరింది. కూత రాలేదు. గేదె పాలు పితుకుతున్న తిరుపాలమ్మ మీద కొట్టం గోడ పడింది.

తర్వాత రాళ్లలోని యంత్రాల లెక్క చూడటానికి సర్వే అమ్మాయి వచ్చింది. "దక్షిణపు రాయి కూడా కదలనట్టే ఉంది పెదనాన్నా. అది మీ చేలోకి రావాలే?" అంది.

"వచ్చేది. ప్రతి ఏడూ నేనే వెనక్కి పాతాను" అన్నాను.

ఆమె రాసుకుని వెళ్లింది. కొండలుకు ఈ సంగతి తెలియదు. నేల ఇంకా జరుగుతూనే ఉంది. ఈ మాట నేను మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తను.