బొమ్మల చాటున చెయ్యి

"దొంగ! దొంగ! పట్టుకోండప్పా!"

ధనంజయ అరుపుకు తిరుపతి బస్టాండు ముందర జనమంతా అటు తిరిగారు.

అడ్డంగా వేసుకున్న కెమెరా సంచి పట్టీని ఎవడో పట్టి ఒక్క గుంజు గుంజాడు. ధనంజయ ఫుట్‌పాత్ మీద బోర్లాపడ్డాడు. మోకాళ్లు చీరుకుపోయాయి.

మోకాళ్లు పోతే పోయాయి, ఫొటో పోయిందే అని ఆయన ఏడుపు.

ఎంత మంచి ఫొటో అది! కొండ మీద తలనీలాలిచ్చి వచ్చిన చిన్నపిల్ల. గంధం పూసిన కొత్త గుండును బొమ్మల బండికి వేలాడే అద్దంలో చూసుకుని నవ్వుకుంటోంది. పిల్లా, అద్దం రెండూ ఫ్రేములో పట్టాలని, కెమెరా కంటికి ఆనించుకుని ఒక్కో అడుగూ వెనక్కి జరిగాడు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. అక్కడ అవి ఎప్పుడూ మోగేవే. ఇక నొక్కడమే తరువాయి, ఇంతలో ఈ గుంజుడు.

జనం చేతికి చిక్కిన మనిషిదీ కొత్త గుండే. చేతిలో లడ్డూల సంచి. ఎక్కడివాడో, అతని భాష ఎవరికీ అర్థం కాలేదు. రోడ్డు వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పబోయాడు.

"పారిపోను దోవ సూస్తాండాడు!" అన్నారెవరో.

దెబ్బలు పడ్డాయి. లడ్డూలు చెప్పుల కింద నలిగాయి. అతను ఒక ముక్క ఏరుకుని కళ్లకద్దుకుని జనంలో కలిసిపోయాడు.

"సంచి దక్కింది, పోనీలే సామీ. ఇన్ని గుండ్లలో వాణ్ని యాడని ఎతుకుతావు?" అన్నాడు బొమ్మల బండి మునిరామయ్య.

వీధి ఫొటోల పోటీలో ఏటా మొదటి బహుమతి ధనంజయదే. పెళ్లి ఫొటోలు ఆయనకు కూడు పెడతాయి, ఈ బహుమతి తల పైకెత్తిస్తుంది.

ఈ ఏడు అది మురుగేష్‌కి వచ్చింది.

నగరి మరమగ్గాల ఇంటివాడు. ధనంజయ దగ్గరే ఫొటో తీయడం నేర్చుకున్నాడు. అదీ సెల్‌ఫోనుతో తీసిన ఫొటో!

బహుమతి సభలో గోడ మీద దాన్ని చూడగానే ధనంజయ భగ్గుమన్నాడు.

అదే పిల్ల. అదే అద్దం. అదే నవ్వు.

పక్కన వేలాడే బొమ్మల చాటు నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి నల్లటి పట్టీని గట్టిగా పట్టుకుని ఉంది. ఫొటో అక్కడితో ఆగిపోయింది.

తప్పు వెతికాడు ధనంజయ. వెలుతురులో వెతికాడు, నీడల్లో వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండింది.

"ఆ చెయ్యి ఇస్తోందో, లాక్కుంటోందో తెలియదు. తెలియకపోవడమే దీని అందం," అన్నారు బహుమతి నిర్ణయించిన లీలావతి గారు.

చప్పట్లు మోగాయి. ధనంజయ తట్టుకోలేకపోయాడు.

"నాకు తెలుసు మేడం! అది దొంగోడి చెయ్యి. ఆ పట్టీ నా సంచిది. నేను మోకాళ్లు పగిలి పడుంటే, ఎదురు పక్కన నిలబడి ఈయప్ప ఫొటో తీసుకున్యాడు. దీనికా బహుమతి?"

మురుగేష్ బిత్తరపోయాడు.

"దొంగేందన్నా? మీకు తెలీదా?"

"ఏం తెలియాల? ఫొటో సగం కోసినావు గదా? మొత్తం సూపించు!"

"వొద్దులేన్నా. దాంట్లో మీరుండారు. నలుగురూ సూస్తే బాగుండదనే కోసినా."

"ఓహో! నేర్పించినోణ్నే కోసి పారేసినావా? తియ్యి బయటికి!"

బహుమతి తనకే తిరిగొస్తుందని ధనంజయ సంబరపడ్డాడు. మురుగేష్ తెరిచిన ఫోనును చేతిలోంచి లాక్కున్నాడు.

కోయని ఫొటో.

పట్టీకి ఇవతల తనే ఉన్నాడు. కన్ను కెమెరాలో ఉంది. మడమలు ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదున్నాయి.

"నేను రోడ్డు దాటి వచ్చేలోపల ఆ గుండాయన ఎళ్లిపోయినాడన్నా," అన్నాడు మురుగేష్ మెల్లగా. "మీరు దండం పెట్టి పంపించింటారనుకున్యా."

ధనంజయ ఫోనును కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఫొటోలో ఆయన వీపు వెనకాలే, డ్రైవరు తెరిచిన నోరు కూడా కనబడేంత దగ్గరగా బస్సు ఉంది. ఆ బస్సు కిందికి పోకుండా ఆయన్ని పట్టుకున్నది ఆ చెయ్యి ఒక్కటే.