ఆ దుముకు తెలిసింది

మా కూతురు చైత్రకు డాక్టరేట్ వచ్చేసింది! వేప్పనపల్లిలో బస్సు దిగి, కృష్ణగిరిలో కొన్న స్వీటు డబ్బా నా చేతిలో పెట్టి ఆ మాట చెప్పింది. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

"ఆ కరోనా పురుగు మీద ఇన్నేళ్లు చదివి ఏం కనుక్కొన్నావమ్మా? నా బుర్రకు ఎక్కేట్టు చెప్పు."

"అది ఒంట్లో చేరి, తన పనులకు చీటీలు రాస్తుందప్పా. తన దగ్గరుండే పెద్ద చీటీ చూసి, దాని చివర నుంచి రాసుకుంటా వచ్చి, ఒక గుర్తు కాడ ఆగి, మధ్యలోదంతా వదిలేసి మొదటికి దుముకుతుంది. అందుకే ఏ చీటీకైనా తల ఒకటే. యాడ దుమకాలో దానికెట్ల తెలుస్తుందో, అది చూసినాను."

"ఒక సంతకం పెట్టేదానికే నాకు చెమటలు పడతాయి, అది ఇన్ని రాస్తుందా! అయితే మందు దొరికినట్టేనా?"

"లేదప్పా. తెలిసింది, అంతే." తల దించుకుంది.

"తెలిసింది కదా, చాలు! పదమ్మా, మనోళ్లకు చెప్దాం."

చెంబు నిండా పాలు తీసుకుని మామిడితోపులోకి నడిచాం. మా ఇంట్లో మంచి మాట ఏదైనా, సమాధుల మీద పాలు పోసి ముందు వాళ్లకే చెబుతాం. కరోనా వచ్చిన ఏడాది పోయినవాళ్లంతా అక్కడ వరసగా ఉన్నారు: చైత్ర వాళ్లమ్మ, మా తమ్ముడు, తమ్ముడి భార్య, చివర్న, మొహం కూడా చూపకుండా మూటగట్టి ఇచ్చిన మా పెద్దకొడుకు.