కల్తీ లేని సాంపిల్

“ఇది నువ్వు పట్టివ్వాలి” అంటూ తండ్రి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

కూతురు సీసా వంక చూసింది. పక్కనే స్కూలు యూనిఫాంలో నిలబడ్డ తమ్ముడి వంక చూసింది. “వాడి మూత్ర పరీక్షకి నాదెందుకు నాన్నా?”

ఎందుకేమిటి! నిన్న స్కూలు గేటు దగ్గర బ్యాగులు వెతికితే వాడి బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది. తొమ్మిదో తరగతి వెధవ! నాది కాదన్నాడు. మరెవరిదంటే నోరు విప్పలేదు. హెడ్మాస్టరు అప్పటికప్పుడే టీసీ ఇచ్చి పంపేస్తానంటే క్లాసు టీచరమ్మ అడ్డుపడింది. “వీడు అలాంటివాడు కాదు సార్. పరీక్ష చేయిద్దాం. ఏమీ లేదని తేలితే వదిలేయండి” అని బతిమాలి, సీసా ఇచ్చి పంపింది.

“నాదే తీసుకెళ్లండి నాన్నా. నేను దాన్ని తాగలేదు” అన్నాడు చిన్నోడు.

“నోర్ముయ్! నిన్ను నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే.”

ఆయన ఎవరినీ నమ్మడు. పాలకేంద్రంలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం మరి. నీళ్ల పాలు తెచ్చే ప్రతివాడూ తల్లి మీద ఒట్టేస్తాడు. సాంపిల్‌కి మాత్రం పక్కింటి గేదె పాలు పట్టుకొచ్చే ఘనులూ ఉంటారు. అలాంటివాళ్లను ఎందరినో పట్టుకుని నలుగురిలో కడిగేశాడు. ఇప్పుడు అదే పని తాను చేస్తున్నాడు, సిగ్గులేకుండా.

“నేనివ్వను” అంది కూతురు. “అది మోసం కదా నాన్నా.”

తల్లి వంటింట్లోంచి వచ్చి నెత్తి కొట్టుకుంది. “ఏమే, తోడబుట్టినవాడి చదువు గంగలో కలిసిపోతుంటే నీకిప్పుడు నీతులు గుర్తొచ్చాయా? వాడెలాగూ గంజాయి మొక్కయ్యాడు. కాలేజీలో ఫస్టొచ్చేదానివి, తులసి మొక్కలాంటిదానివి, నువ్వన్నా గట్టెక్కించవే!”

“అమ్మా, అక్కని వదిలేయండి” అంటూ చిన్నోడు మధ్యలోకొచ్చాడు. చెంప ఛెళ్లుమంది. దాంతో కూతురు ఏడుస్తూ సీసా తీసుకుని బాత్‌రూం వైపు నడిచింది.

తండ్రి ఊరుకుంటాడా? ఈ మొండిఘటం కోపంకొద్దీ కుళాయి నీళ్లు కలిపిందంటే అక్కడ ఇట్టే పట్టేస్తారు. ముందుగా బకెట్టు తీసి బయట పెట్టాడు. బాత్‌రూంకి నీళ్లు రాకుండా గొట్టం దగ్గర కట్టేశాడు. సీసా చేతికొచ్చాక కిటికీ వెలుగులో ఎత్తి చూశాడు. అరచేత్తో పట్టుకుని వెచ్చదనం చూశాడు.

“నీటి చుక్క కలవలేదు. అసలుసిసలు సరుకు” అన్నాడు. నిన్నటి నుంచీ ఆయన ముఖాన నవ్వు కనిపించింది అప్పుడే.

హెడ్మాస్టరు గదిలో ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. “మా పెంపకం మీద మాకు నమ్మకముంది సార్” అని కూడా అన్నాడు. చిన్నోడు గోడ పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. స్కూలు నర్సు పరీక్ష పట్టీని సీసాలో ముంచి తీసి చూసింది. నమ్మలేక ఇంకో పట్టీ ముంచింది.

“ఉంది సార్. రెండింట్లోనూ గంజాయి ఉన్నట్టే చూపిస్తోంది.”

టీచరమ్మ ముఖం పాలిపోయింది. “నీ కోసం సార్‌ని అంతలా బతిమాలాను కదరా! ఇంత పని చేశావా?”

తండ్రి దిగ్గున లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఆ సీసా వీడిది కాదంటే, మరెవరిదని అడుగుతారు. తెరిచిన నోరు మూసుకున్నాడు. తప్పు చేయని కొడుకు కళ్లెదుటే దోషిగా నిలబడి ఉంటే, ఆ తండ్రి నేల చూపులు చూశాడు. హెడ్మాస్టరు టీసీ మీద సంతకం గీకి ముందుకు తోశాడు.

గేటు దాటాక తండ్రి కొడుకు భుజం పట్టుకుని ఆపాడు. “ఒరే... దాని సంగతి నీకు ముందే తెలుసా?”

చిన్నోడు కందిపోయిన చెంప తుడుచుకున్నాడు.

“ఆ పొట్లం అక్క చేతిలోంచి లాక్కుంది నేనే నాన్నా, దారిలో పారేద్దామని.”