హర్షిత్ ప్లాన్

“ఎట్లుందిరా?” అంటూ హర్షిత్ తన టాబ్లెట్‌ను శ్రేయాస్ చేతిలో పెట్టాడు. యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి వీడియోలు చూసి ఎత్తులు రాసిచ్చే స్టూడెంట్ అసిస్టెంట్లు ఇద్దరూ. మ్యాచ్‌కి ఇంకా గంట ఉంది.

శ్రేయాస్ చూశాడు. స్ప్రెడ్ ప్లాన్. బంతి అందుకునే ఐదుగురినీ మైదానం ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పరిచేశాడు హర్షిత్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వెనకాల ఒంటరిగా మిగిలాడు.

“వాళ్ల డిఫెన్స్ ఎంత గట్టిదైనా ఇంత వెడల్పు కాయలేదు. సాగిపోతది. మధ్యల ఖాళీ దొరుకుతది.”

మామూలు జట్టయితే నిజమే. కానీ అవతలివాళ్ల పాత మ్యాచ్‌లన్నీ శ్రేయాస్ వారమంతా కూర్చుని చూశాడు. ముందు వరుసలో నలుగురూ కొండల్లాంటివాళ్లు. ఇంకెవరి సాయమూ లేకుండా రెండు సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ మీద పడతారు. అంచుల్లోంచి ఒక్కణ్ణి వెనక్కి పిలిచి కాపలా పెడితే చాలు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కోచ్ లోపలికొచ్చి హర్షిత్ భుజం తట్టి వెళ్లిపోయాడు. శ్రేయాస్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఎప్పుడూ వాడి భుజమేనా! శ్రేయాస్‌కి కడుపు మండిపోయింది.

“సూపర్‌రా. ఏమీ మార్చకు,” అన్నాడు నవ్వుతూ.

మొదటి సగంలోనే క్వార్టర్‌బ్యాక్ ఐదుసార్లు కిందపడ్డాడు. పడ్డప్పుడల్లా శ్రేయాస్ పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. ఆరోసారి అతను లేవలేదు. భుజం పట్టుకుని మెలికలు తిరిగాడు. ఈసారి శ్రేయాస్‌కి నవ్వు రాలేదు. ఆపుకోవలసిన పనీ లేకపోయింది.

ముప్ఫై ఐదు, మూడు. చిత్తుగా ఓడిపోయారు.

లాకర్ రూమ్ బయట హర్షిత్ తల దించుకుని నిలబడ్డాడు. వరండా చివరి నుంచి కోచ్ విసవిసా వస్తున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. అయిపోయాడు వీడు, అనుకుంటూ శ్రేయాస్ చూడ్డానికి వీలుగా పక్కకి జరిగాడు.

హర్షిత్ శ్రేయాస్ చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

“సారీరా... వచ్చే సెమిస్టర్ నిన్ను తీసేస్తరని విన్న. గెలిస్తే నీకు పేరొస్తదని, ఆట మొదలయ్యే ముందు కోచ్ దగ్గరికి పోయి, ఈ ప్లాన్ మొత్తం నీదేనని చెప్పిన.”